ఒకే ఒక్క వరుసలో కోటా రామస్వామి: పాతకాలపు ఆటగాళ్ల లెక్కలు చదవడం ఎలా

అందరికీ నమస్కారం. తెర మీద ఒకే ఒక్క వరుస పెట్టాను. సి. రామస్వామి, 1936లో భారత్‌కు ఆడిన క్రికెటర్. టెస్టులు 2, ఇన్నింగ్స్ 4, నాటౌట్ 1, పరుగులు 170, అత్యధిక స్కోరు 60, సగటు 56.66. రికార్డు పుస్తకం ఈయన గురించి చెప్పేది ఇంతే. గావస్కర్ సగటు 51.12, టెండూల్కర్‌ది 53.78. ఆ లెక్కన రామస్వామి ఇద్దరికంటే పైన ఉండాలి. ఉండరని మనకు తెలుసు. మరి ఈ అంకెలు అబద్ధమా అంటే, కాదు. వీటిని చదివే పద్ధతి వేరు. ఇవాళ ఆ పద్ధతి గురించే మాట్లాడుకుందాం.

ముందు ఆ సగటు సంగతి తేల్చేద్దాం. పరుగుల్ని ఇన్నింగ్స్‌తో కాదు, అవుటైన సార్లతో భాగిస్తాం. 170ని 3తో భాగిస్తే 56.666... కొన్ని పుస్తకాల్లో 56.66 అని ఉంటుంది, కొన్నిట్లో 56.67. మొదటివాళ్లు మూడో అంకెను కోసేశారు, రెండోవాళ్లు సవరించారు. రెండూ ఒకే లెక్క, తగాదా పడక్కర్లేదు. నాటౌట్‌ని పక్కనబెట్టి నాలుగు ఇన్నింగ్స్‌తో భాగిస్తే 42.5 వస్తుంది. ఒక్క నాటౌట్ 14 పరుగుల తేడా తెచ్చింది. నలభై ఇన్నింగ్స్ ఆడినవాడికి ఒక నాటౌట్ వల్ల వచ్చే తేడా ఒక పరుగు అటూ ఇటూ, అంతే. అందుకే పాత ఆటగాళ్ల వరుస చదివేటప్పుడు కన్ను మొదట సగటు మీద కాదు, ఇన్నింగ్స్ సంఖ్య మీద పడాలి. రామస్వామి ఆ రెండు టెస్టులూ ఆడిన 1936 ఇంగ్లండ్ పర్యటనలో కెప్టెన్ విజ్జీ, అంటే విజయనగరం మహారాజకుమార్, 3 టెస్టుల్లో 33 పరుగులు చేశారు. సగటు 8.25. ఆయన ఆరు ఇన్నింగ్స్‌లో రెండుసార్లు నాటౌట్. అవి కూడా లేకపోతే ఆయన సగటు ఐదున్నర. (సభలో నవ్వులు)

ఇక పుట్టిన తేదీ దగ్గరకొద్దాం. రామస్వామి 1896 జూన్‌లో మద్రాసులో పుట్టారు. తొలి టెస్టు 1936 జూలై 25న, మాంచెస్టర్‌లో. అంటే నలభై నిండి నెల దాటింది. భారత్ తరఫున అంతకంటే పెద్ద వయసులో తొలి టెస్టు ఆడింది ఒక్క రుస్తుంజీ జంషెడ్‌జీ మాత్రమే, 1933లో, 41 ఏళ్లు నిండాక. నలభైలో తొలి టెస్టు అంటే ఆలస్యంగా ఎదిగిన ఆటగాడు అనుకుంటాం. ఇక్కడే చాలామంది పొరపడతారు. వయసు గడి పక్కన ఇంకో గడి గీసి, సంస్థలు పుట్టిన తేదీలు రాయండి. అఖిల భారత లాన్ టెన్నిస్ సంఘం 1920. దేశాల జట్ల టెన్నిస్ పోటీ అయిన డేవిస్ కప్‌లో భారత్ అడుగుపెట్టింది 1921. క్రికెట్ బోర్డు 1928. తొలి టెస్టు 1932 జూన్ 25, లార్డ్స్‌లో. రంజీ ట్రోఫీ 1934. ఇప్పుడు రామస్వామికి పాతికేళ్లు వచ్చేనాటికి, అంటే 1921కి, ఏ తలుపు తెరిచి ఉందో చూడండి. టెన్నిస్ తలుపు మాత్రమే. క్రికెట్‌లో దేశం తరఫున ఆడాలంటే అసలు దేశానికి టెస్టు జట్టే లేదు. కాబట్టి ఆయన 1922లో డేవిస్ కప్ ఆడటం, 1936లో టెస్టు ఆడటం ఆయన ఇష్టాయిష్టాల వరుస కాదు. సంఘాలు పుట్టిన వరుస. రెండు ఆటల్లోనూ దేశానికి ఆడిన ఆటగాడిగా ఆయన్ని చెప్పుకుంటాం. ఆ రెండింటి మధ్య పద్నాలుగేళ్ల ఖాళీ ఎందుకుందో కూడా చెప్పుకోవాలి.

ఇంటి సంగతి కొంచెం. మోతవరపు వెంకట మహీపతి నాయుడు అంటే ఎవరూ గుర్తుపట్టరు, బుచ్చిబాబు అంటే మద్రాసు క్రికెట్ అంతా గుర్తుపడుతుంది. మద్రాసులో స్థిరపడిన తెలుగు కుటుంబం, మైలాపూరు లజ్ దగ్గర ఇల్లు. ఆ రోజుల్లో చెపాక్ మైదానం తెల్లవాళ్ల మద్రాసు క్రికెట్ క్లబ్‌ది. భారతీయులు ఆడటానికి వెళ్తే భోజనం చెట్టు కింద, దొరలది పెవిలియన్‌లో. దీనికి జవాబుగా బుచ్చిబాబు 1888లో మద్రాస్ యునైటెడ్ క్లబ్ పెట్టి ఎస్ప్లనేడ్‌లో స్థలం సంపాదించారు. భారతీయులకూ యూరోపియన్లకూ మధ్య ప్రెసిడెన్సీ మ్యాచ్ పెట్టాలన్న ఆలోచన కూడా ఆయనదే. 1908లో ఆ తొలి మ్యాచ్ జరగబోయే కొద్ది రోజుల ముందు చనిపోయారు. ఆయన కొడుకే రామస్వామి. తల్లి తరఫు తాతగారింటికి దత్తు వెళ్లడంతో ఇంటిపేరు కోటా అయింది. ఇది వంశవృక్షం కోసం చెప్పడం లేదు. పాత స్కోర్‌కార్డుల్లో అన్నదమ్ములు ఎం. బాలయ్య, ఎం. వెంకటరామానుజులు అని ఉంటారు, ఈయన మాత్రం సి. రామస్వామి, ఇంగ్లిష్‌లో కోటాను Cota అని రాస్తారు కాబట్టి. ఇంటిపేరు మొదటి అక్షరం చూసి కుటుంబాన్ని వెతికేవారికి ఈయన దొరకరు.

పేర్ల పొరపాటు టెన్నిస్‌లో ఇంకా ఎక్కువ. 1920ల భారత డేవిస్ కప్ జట్లలో ఇద్దరు ఫైజీలు ఉన్నారు. అన్నదమ్ములు. ఒకరు అతర్ అలీ, ఒకరు హసన్ అలీ, రెండోవారు డాక్టరు. పత్రికల్లో ఒక్కోసారి ఫైజీ అని మాత్రమే వేస్తారు. ఎవరి గెలుపు ఎవరి ఖాతాలో పడిందో తేల్చాలంటే ఆ వారం రెండోవారు ఏ ఊళ్లో ఆడుతున్నారో చూడాలి. ఇంకో చిక్కు, క్లబ్ టోర్నీల్లో హ్యాండిక్యాప్ పోటీలు ఉండేవి. బలమైన ఆటగాడు ప్రతి గేమ్‌ను మైనస్ పదిహేను నుంచో ముప్ఫై నుంచో మొదలుపెట్టాలి, బలహీనుడికి ముందే పదిహేను ఇస్తారు. ఆ ఫలితాల్ని మామూలు పోటీల ఫలితాలతో కలిపేస్తే గొప్ప ఆటగాడు అనామకుడి చేతిలో ఓడినట్టు కనిపిస్తుంది. పట్టికలో వాకోవర్ అని ఉంటే అది గెలుపు కాదు, అవతలివాడు రాలేదని అర్థం. ర్యాంకింగులు ఇప్పటిలా వారం వారం వచ్చేవి కావు కాబట్టి ఎవరు ఎంతటి ఆటగాడో చెప్పేది ఎవరు ఎవరితో ఆడారో చూపే ఈ డ్రా పట్టికలే. వాటిని ఇంత జాగ్రత్తగా జల్లెడ పట్టాల్సిందే.

డేవిస్ కప్ పద్ధతి ఇలా ఉండేది. మూడు రోజులు, అయిదు మ్యాచ్‌లు. నాలుగు సింగిల్స్, నడిమి రోజు ఒక డబుల్స్. అన్నీ అయిదు సెట్లవి, టైబ్రేక్ లేదు. రెండు గేముల ఆధిక్యం వచ్చేదాకా సెట్టు సాగుతూనే ఉంటుంది. గత ఏడాది విజేత ఇంట్లో కూర్చుని చివరి ఛాలెంజ్ రౌండ్ ఒక్కటే ఆడేది. మిగతా దేశాలన్నీ కొట్టుకుని ఒకటి తేలితే, అది విజేత దేశానికి వెళ్లి సవాలు చేయాలి. 1921లో భారత్ పారిస్‌లో ఫ్రాన్స్‌ను ఓడించింది. తర్వాత జపాన్‌తో ఆడటానికి షికాగో దాకా ఓడలో వెళ్లి ఓడింది. మరుసటి ఏడాది రొమేనియాపై గెలిచి స్పెయిన్ చేతిలో ఓడింది. రామస్వామి అప్పటికి కేంబ్రిడ్జ్‌లో చదువుతున్నారు, టెన్నిస్‌లో విశ్వవిద్యాలయ బ్లూ, అంటే విశ్వవిద్యాలయ జట్టుకు ఆడినవారికిచ్చే గౌరవం. జట్టుకు డాక్టర్ ఫైజీతో జోడీగా డబుల్స్ ఆడారు. ఇక్కడ ఒక లెక్క గమనించండి. తొలినాళ్ల భారత జట్లలో ఇంగ్లండ్‌లో చదువుకుంటున్నవారో, అక్కడ ఉంటున్నవారో పదేపదే కనిపిస్తారు. మద్రాసు నుంచో లాహోర్ నుంచో మనిషిని పంపాలంటే ఓడ ఛార్జీ, రెండు మూడు వారాల ప్రయాణం. పైగా అమెచ్యూర్ నియమం, అంటే ప్రైజు డబ్బు ముట్టకూడదు. ముట్టినవాడికి వింబుల్డన్‌లో 1968 దాకా చోటు లేదు, డేవిస్ కప్‌లో ఆ తర్వాత కూడా కొన్నేళ్లు లేదు. కాబట్టి జట్టులో ఎవరున్నారన్నదాన్ని ప్రతిభ ఎంత నిర్ణయించిందో చిరునామా కూడా అంతే నిర్ణయించింది.

సరంజామా గురించి అడుగుతుంటారు. ర్యాకెట్ కొయ్యది, ఎక్కువగా యాష్ కర్ర. ఇప్పటి ర్యాకెట్ కంటే బాగా బరువు, తల చిన్నది. తీగలు గొర్రె, ఆవు పేగులతో చేసినవి. మద్రాసు లాంటి సముద్రపు ఊళ్లో ఈ రెండూ శత్రువులే. చెమ్మ తగిలితే పేగు ఉబ్బి, పోగులు విడి, బిగువు పోతుంది. కొయ్య వంగుతుంది. అందుకే ఆట అయిన వెంటనే ర్యాకెట్‌ను ప్రెస్‌లో బిగించాలి. రెండు చట్రాలు, నాలుగు మూలల నాలుగు మరలు. నాలుగింటినీ కొంచెం కొంచెంగా, ఎదురెదురు మూలల క్రమంలో బిగించాలి. ఒక మూల ముందే గట్టిగా తిప్పేస్తే ప్రెస్సే ర్యాకెట్‌ను వంచేస్తుంది. బంతులు తెల్లవి. గాలి నింపి మూసిన డబ్బాలు 1920ల నడుమ గానీ రాలేదు. అంతకుముందు ఓడలో వచ్చిన బంతి మన చేతికి అందేసరికి సగం చచ్చి ఉండేది. ఇంగ్లండ్ పచ్చిక మీద కొత్త బంతితో ఆడేవాడికీ, ఇక్కడ చచ్చిన బంతితో సాధన చేసినవాడికీ మధ్య తేడా ఫలితాల గడిలో ఎక్కడా కనపడదు.

క్రికెట్‌లో దీనికి సమానమైనది మ్యాటింగ్. చెపాక్ లాంటి కొన్ని మైదానాల్లో పచ్చిక పిచ్ ఉండేది గానీ, జిల్లాల్లో ఆటంతా కొబ్బరి పీచు చాప మీదే. కింద నేలను నీళ్లు చల్లి రోలర్‌తో గట్టిపరుస్తారు. చాప పరిచి నాలుగు వైపులా లాగి, అంచు కన్నాల్లో మేకులు దిగ్గొడతారు. లాగడంలోనే కిటుకంతా. బిగువుగా ఉంటే బంతి వేగంగా, ఎత్తుగా, నమ్మకంగా లేస్తుంది. ఎండకీ అడుగుల రాపిడికీ వదులైతే బంతి చాపను పట్టుకుని ఆగి తిరుగుతుంది, అందుకే భోజన విరామంలో మళ్లీ బిగించాలి. కింద ఒక్క గులకరాయి ఉండిపోయినా అదే చోట పడ్డ బంతి మొహం మీదికి వస్తుంది. ఇలాంటి చాప మీద పెరిగిన బ్యాట్స్‌మన్‌కు వెనక కాలు మీద ఆడటం, ఎత్తుగా వచ్చే బంతిని కోయడం చేతిలో పని. అతన్ని మే నెలలో తడి ఇంగ్లండ్ పచ్చిక మీద నిలబెడితే బంతి మోకాలి దగ్గరే ఉండిపోతుంది. పిచ్ మీద కప్పేవాళ్లు కాదు, రాత్రి వాన పడితే పొద్దున ఆ బురద మీదే ఆట. 1911, 1932, 1936 పర్యటనల్లో మనవాళ్ల మొదటి నెల స్కోర్లూ ఆగస్టు స్కోర్లూ విడదీసి చూడండి. మొత్తం సగటు ఒక్కటే చూస్తే ఆ మనిషి నేర్చుకున్నదంతా కనిపించకుండా పోతుంది.

రామస్వామిది ఎడమచేతి వాటం. 1936లో ఇది మామూలు విషయం కాదు. ఎల్బీడబ్ల్యూ, అంటే వికెట్లకు తగలబోయే బంతికి కాలు అడ్డొస్తే అవుటిచ్చే నియమం, 1935లో ప్రయోగంగా మారింది, 1937లో స్థిరపడింది. అంతకుముందు బంతి వికెట్ల వరుసలో పడితేనే అవుట్. ఆఫ్ స్టంప్ బయట పడి లోపలికి తిరిగే బంతికి కాలు అడ్డం పెట్టి బతికిపోయేవారు. కొత్త నియమంతో ఆఫ్ వైపు బయట పడినా, వరుసలో కాలికి తగిలితే అవుట్. ఇప్పుడు బౌలర్ ఎవరో చూడండి. హెడ్లీ వెరిటీ, ఎడమచేతి స్పిన్నర్. కుడిచేతివాడికి ఆయన బంతి బయటికి పోతుంది. ఎడమచేతివాడికి ఆఫ్ బయట పడి లోపలికి వస్తుంది, సరిగ్గా కొత్త నియమం వల వేసిన చోటికి. వెరిటీ ఆ రెండు టెస్టుల్లోనూ ఉన్నాడు. నలభై ఏళ్ల మనిషి, ఇరవై ఏళ్లుగా కాలితో ఆపిన బంతిని బ్యాటుతో ఆపడం కొత్తగా అలవాటు చేసుకోవాల్సి వచ్చింది.

ఆ నాలుగు ఇన్నింగ్స్: మాంచెస్టర్‌లో 40, 60. ఓవల్‌లో 29, 41 నాటౌట్. మాంచెస్టర్ కార్డు మళ్లీ మళ్లీ చదవదగ్గది. భారత్ 203. ఇంగ్లండ్ 8 వికెట్లకు 571 డిక్లేర్డ్, హామండ్ 167. అంటే 368 వెనకబాటు. అప్పట్లో మనతో టెస్టు మూడు రోజులే. రెండో రోజు ఒక్కరోజులో రెండు జట్లూ కలిపి 588 పరుగులు చేశాయి. మర్చంట్ 114, ముస్తాక్ అలీ 112, తొలి వికెట్‌కు 203. చివరికి 5 వికెట్లకు 390 దగ్గర ఆట ముగిసింది, డ్రా. పేరంతా ఓపెనర్లకు వచ్చింది, రావాల్సిందే. కానీ 203 భాగస్వామ్యం తర్వాత కూడా జట్టు 165 వెనకబడే ఉంది. అక్కడ నడిమి వరుస కూలి ఉంటే ఆ రెండు సెంచరీలూ ఓడిన మ్యాచ్‌లో సెంచరీలు అయ్యేవి. రామస్వామి 60 విలువ అది. ఓవల్‌లో భారత్ ఫాలోఆన్, అంటే బాగా వెనకబడి వెంటనే రెండో ఇన్నింగ్స్, ఆడి 312 చేసింది, 9 వికెట్లతో ఓడింది. సి.కె. నాయుడు 81 అక్కడిదే, ఆయన టెస్టు జీవితంలో అదే అత్యధికం, అదే చివరి టెస్టు.

మొత్తం ఫస్ట్‌క్లాస్ లెక్క, అంటే టెస్టులతో సహా గుర్తింపు ఉన్న పెద్ద స్థాయి మ్యాచ్‌లన్నిటి లెక్క, చూస్తే రామస్వామి 53 మ్యాచ్‌లు, సగటు 28.91. నాకు ఇదే ఆయన అసలు కొలతలా కనిపిస్తుంది, 56.66 కాదు. 1936 పర్యటనలో 737 పరుగులు, సగటు 30.70. ఈ రెండూ దగ్గర దగ్గరగా ఉన్నాయి చూశారా? నలభైలోనూ ఆయన తన జీవిత సగటుకు ఇంకాస్త పైనే ఆడారు.

53 మ్యాచ్‌లు తక్కువ కదా అంటే, ఎక్కువ ఎక్కడినుంచి వస్తాయి? మద్రాసులో సంక్రాంతికి ఒక ప్రెసిడెన్సీ మ్యాచ్, 1916 నుంచి దానికి ఫస్ట్‌క్లాస్ హోదా. రంజీ వచ్చినా మొదట్లో నాకౌట్, ఓడితే ఆ ఏడాదికి అంతే. 1934 నవంబర్ 4న మద్రాసు, మైసూరు ఆడిన తొలి రంజీ మ్యాచ్ ఒక్కరోజులోనే అయిపోయింది. దానికితోడు రామస్వామి మద్రాసు ప్రభుత్వ వ్యవసాయ శాఖ ఉద్యోగి. సెలవు దొరికితే ఆట. అదే కాలంలో ఇంగ్లండ్‌లో విల్‌ఫ్రెడ్ రోడ్స్ 1898 నుంచి 1930 దాకా 1110 మ్యాచ్‌లు ఆడాడు, 4204 వికెట్లు. కౌంటీ, అంటే ఇంగ్లండ్ జిల్లా జట్టు, ఇచ్చే జీతం మీద బతికిన ప్రొఫెషనల్ ఆయన. సి.కె. 1916 నుంచి 1963 దాకా, నలభై ఏడేళ్లు సాగదీసినా 207 మ్యాచ్‌లు. ఈ ఇద్దర్నీ మొత్తం పరుగులతోనో వికెట్లతోనో పోల్చడం, ఏడాదికి మూడు పంటల భూమినీ ఒక్క పంట మెట్టనీ దిగుబడితో పోల్చినట్టే.

సి.కె.కు హోల్కర్ సంస్థానం సైన్యంలో కొలువిచ్చింది, అందుకే కల్నల్. కొఠారి కనకయ్య నాయుడు, నాగపూర్‌లో పుట్టిన తెలుగువాడు. 1926 డిసెంబర్ 1న బొంబాయి జింఖానాలో ఇంగ్లండ్ నుంచి వచ్చిన ఎం.సి.సి. జట్టు మీద హిందువుల జట్టు తరఫున 153 పరుగులు. రెండు గంటల లోపే. 11 సిక్సర్లు, 13 ఫోర్లు. లెక్కకట్టండి: 66, 52, కలిపి 118. పరుగెత్తి తీసింది 35 మాత్రమే. ఇక్కడ కూడా నియమం చూడాలి. 1910కి ముందు ఇంగ్లండ్‌లో బంతి గీత దాటితే నాలుగే, మైదానం బయట పడితేనే ఆరు. ఆ పాత నియమం కింద ఆ సిక్సర్లలో చాలా భాగం ఫోర్లే అయ్యేవి. 1890ల ఆటగాళ్ల సిక్సర్లతో సి.కె. సిక్సర్లను పోల్చేవారు ఇది మరిచిపోతారు. 1932లో బర్మింగ్‌హామ్‌లో ఆయన కొట్టిన సిక్సర్ పక్క కౌంటీలో పడిందని ఒక కథ ఉంది. మైదానం పక్కన వాగు ఒకప్పుడు రెండు కౌంటీల సరిహద్దు, అంతే. వాగు దాటితే కౌంటీ దాటినట్టే. 1953-54లో ఆంధ్ర జట్టు తొలి రంజీ సీజన్ ఆడినప్పుడు కూడా ఆయన మైదానంలో ఉన్నారు, 58 ఏళ్ల వయసులో.

ఫస్ట్‌క్లాస్ అన్న మాట దగ్గర మోసపోతారు, జాగ్రత్త. పల్వంకర్ బాలూ 1911 ఇంగ్లండ్ పర్యటనలో 114 వికెట్లు తీశారని ఒకచోట, 75 అని ఇంకోచోట ఉంటుంది. రెండూ సరైనవే. 114 అన్ని మ్యాచ్‌లవీ, 75 ఫస్ట్‌క్లాస్ హోదా ఉన్నవి. దళిత కుటుంబంలో పుట్టి, పుణెలో దొరల క్లబ్ పిచ్ చూసే పనిలో చేరిన ఎడమచేతి స్పిన్నర్ ఆయన. హిందువుల జట్టు కెప్టెన్సీ ఆయనకు దక్కలేదు, తమ్ముడు విఠల్‌కు 1923లో దక్కింది. టెస్టు గడి ఆయనకు సున్నా. ఆయన బంతికి పదును ఉన్న రోజుల్లో టెస్టు అన్నదే మనకు లేదు మరి.

హైదరాబాద్ వాళ్లు అడగబోతున్నారని తెలుసు. సయ్యద్ మహమ్మద్ హాదీ. రామస్వామికి అచ్చం జంట వరుస. కేంబ్రిడ్జ్‌లో టెన్నిస్ బ్లూ, డేవిస్ కప్, 1924 పారిస్ ఒలింపిక్స్‌లో టెన్నిస్. ఏడు ఆటలు ఆడేవారని రెయిన్‌బో హాదీ అనేవారు. రంజీ ట్రోఫీ చరిత్రలో తొలి సెంచరీ ఆయనదే, 1934-35లో హైదరాబాద్ తరఫున మద్రాసు మీద 132 నాటౌట్. 1936లో ఇంగ్లండ్ వెళ్లిన బృందంలోనూ ఉన్నారు. టెస్టు ఆడలేదు. కాబట్టి రెండు ఆటల్లోనూ దేశానికి ఆడినవారి జాబితాలో రామస్వామి ఉంటారు, హాదీ ఉండరు. ఎం.జె. గోపాలన్ కథ ఇంకో రకం. హాకీ, క్రికెట్ రెండూ తెలిసిన ఆయన 1936లో బెర్లిన్ ఒలింపిక్స్ వదులుకుని క్రికెట్ జట్టుతో వెళ్లారు. ఆ పర్యటనలో ఒక్క టెస్టూ దక్కలేదు, హాకీ జట్టు స్వర్ణంతో తిరిగొచ్చింది.

చివరి గడి, మరణం. రామస్వామి ఆట మానేశాక సెలెక్టర్‌గా పనిచేశారు, 1952-53 వెస్టిండీస్ పర్యటనకు మేనేజర్‌గా వెళ్లారు. 1985 అక్టోబర్‌లో, ఎనభై తొమ్మిదేళ్ల వయసులో, మద్రాసులో ఇంట్లోంచి బయటికి వెళ్లి తిరిగి రాలేదు. దొరకలేదు. అందుకే ఆ గడిలో కొన్ని పుస్తకాలు చనిపోయినట్టు భావిస్తున్నారు అని రాస్తాయి, కొన్ని ఏదో ఒక తేదీ వేస్తాయి. మీరు ఎప్పుడైనా ఇలాంటి పట్టిక తయారుచేస్తే అక్కడ తేదీ వేయకండి. 1985 అక్టోబర్ నుంచి జాడ లేదు అని రాయండి.